బయటపడ్డాక కూడా భయం ఎందుకు వదలదు? తప్పు నాదేనా? – తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కర్నూలు. తొమ్మిదేళ్ల కాపురంలో దెబ్బలు తిని, ఆరేళ్ల కూతురిని చంకనేసుకుని ఆదోని వైపు మా పుట్టింటి ఊరికి వచ్చేశాను. ఇది జరిగి పదకొండేళ్లయింది. తర్వాత మళ్లీ కర్నూలుకే వచ్చి, కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోనే కుట్టుమిషను పెట్టుకున్నాను. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లే తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగిన ప్రశ్నలు ఇవి. నేను డాక్టరును కాను, లాయరును కాను. నేను పడింది, డాక్టర్ల దగ్గరా లాయర్ల దగ్గరా అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. మీ ఫోను ఇంకా ఎవరైనా తీసి చూస్తుంటే, చదివాక ఈ పేజీని హిస్టరీలోంచి తీసేయండి.

బయటికి వచ్చేసి ఏడాది దాటింది. అతను నా దగ్గర లేడు. అయినా చిన్న చప్పుడుకే గుండె ఎందుకు జారిపోతోంది?

మీ మనసుకు తెలిసిన సంగతి మీ ఒంటికి ఇంకా తెలియలేదు కాబట్టి. మెదడులో అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఒకటి ఉంటుంది. అపాయాన్ని పసిగట్టడం దాని పని. ఏ చప్పుడు తర్వాత, ఏ వాసన తర్వాత దెబ్బ పడిందో అది గుర్తు పెట్టుకుంటుంది. అదే చప్పుడు మళ్లీ వినబడితే ముందు వెనక చూడకుండా ఒళ్లంతటినీ లేపుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి, కడుపులో తిప్పుతుంది. ‘ఇది వేరే ఇల్లు, వేరే మనిషి’ అని మీరు అనుకునేలోపు ఇదంతా అయిపోతుంది.

నా సంగతి చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఆయన బండి మా సందు మలుపు తిరిగేది. ఇంజను ఆగేది. తర్వాత సైడు స్టాండు ‘టక్’మనేది. ఆ టక్కుకీ తలుపు గొళ్లెం కదలడానికీ మధ్య ఏడెనిమిది అంగలు. అంతలోనే పిల్లను లోపలి గదిలోకి పంపి, టీవీ ఆపి, ముఖం ఎలా పెట్టుకోవాలో సరిచూసుకునేదాన్ని. స్టాండు తన్నిన తీరును బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతుందో తెలిసిపోయేది. విడిపోయిన మూడో ఏడు, పట్టపగలు, రాజ్‌విహార్ సెంటర్లో ఒక పిల్లోడు నా పక్కనే బండి ఆపి స్టాండు తన్నాడు. నా చేతిలో అప్పుడే మర పట్టించుకొచ్చిన జొన్నపిండి సంచి ఉంది. అది ఎప్పుడు జారిందో నాకు తెలీదు. రోడ్డు మీద తెల్లగా పిండి, నా చెప్పుల మీద పిండి. ‘ఏమైందాంటీ, నీళ్లు తాగుతారా’ అని ఆ పిల్లోడు అడుగుతున్నాడు. పాపం, ఆ పిల్లోడికేం తెలుసు.

నన్ను నేను పిరికిదాన్ని అని తిట్టుకుంటూ ఇంటికి పోయాను. ఇప్పుడైతే తిట్టుకోను. తొమ్మిదేళ్లు ఆ చప్పుడును గుర్తుపట్టడం వల్లే నా బిడ్డకు దెబ్బలు తప్పాయి. నా ఒళ్లు చేసిన కాపలా అది. ఇక కాపలా అక్కర్లేదని దానికి అర్థం కావడానికి టైము పడుతుంది.

ఘోరం జరిగిన మొదటి వారాల్లో ఉలికిపాటు, పీడకలలు, జరిగిందే కళ్ల ముందు తిరగడం చాలామందికి ఉంటాయి. చాలామందికి మెల్లగా తగ్గుతాయి కూడా. నెల దాటినా తగ్గకుండా తిండికీ నిద్రకూ పనికీ అడ్డం పడుతుంటే అది పీటీఎస్‌డీ అనే జబ్బు కావచ్చు. 1980 నుంచి ఆ పేరుతో వైద్య పుస్తకాల్లో ఉంది. దానికి చికిత్స ఉంది.

భయం పట్టుకున్న ఆ నిమిషంలో ఏం చేయాలి?

ముందు ఊపిరి సంగతి చూడండి. భయంలో మనం గాలి పీల్చుకుంటూనే ఉంటాం, వదలడం మరచిపోతాం. ఊదుగొట్టంతో కట్టెల పొయ్యి ఊదినట్టు పెదాలు చిన్నగా చేసి నిదానంగా వదలండి. లోపలికి నాలుగు లెక్కపెడితే బయటికి ఆరో ఎనిమిదో లెక్కపెట్టండి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. ఆరేడు సార్లు చేస్తే చాలు.

తర్వాత అరికాళ్లు నేలకు ఆనించి, మీరు ఎక్కడున్నారో గట్టిగా పైకి అనండి. ‘ఇది కర్నూలు. ఇది నా ఇల్లు. ఇవాళ గురువారం. తలుపు గడి నేనే వేశాను.’ వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఒళ్లు పాత రోజులోకి వెళ్లిపోయినప్పుడు దాన్ని ఇవాళ్టికి పిలుచుకొచ్చేది ఇదే. కంటికి కనబడేవి ఐదు, చేతికి తగిలేవి నాలుగు, చెవికి వినబడేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి వెతకమని కౌన్సెలర్లు చెబుతారు. చల్లటి నీళ్లు ముఖం మీద చల్లుకున్నా పని చేస్తుంది.

నాకు అన్నింటికంటే పని చేసింది జొన్నరొట్టె. మా అమ్మే కనిపెట్టింది, ఏ డాక్టరూ చెప్పలేదు. నేను దడతో ఒకచోట కూర్చోలేక తిరుగుతుంటే ‘పా, రొట్టెలు తట్టు’ అనేది. ఉడుకునీళ్లు పోసి పిండి కలిపేటప్పుడు వేళ్లకు చురుక్కుమంటుంది. ముద్దను అరచేతి మడిమతో మెదపాలి. పీట మీద పొడిపిండి చల్లి తట్టడం మొదలుపెడితే రెండు చేతులూ ఒకే లయలో పడాలి, లేకపోతే అంచు పగులుతుంది. టప్ టప్ టప్. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్దగానే ఆవిరి లేచి ఆ జొన్న వాసన వస్తుంది. నాలుగో రొట్టెకు వచ్చేసరికి నా భుజాలు కిందికి దిగేవి. మీకు రొట్టె కాకపోవచ్చు. చేతులు రెండూ వాడాల్సిన పని, వాసనో వేడో ఉన్న పని ఏదైనా సరే. పూలు కట్టడం, అంట్లు తోమడం, చెట్లకు నీళ్లు పోయడం ఏదైనా.

గుండె ఆగిపోతుందేమో అనిపించేంతగా దడ వస్తే అది చాలావరకు పది నిమిషాల్లో పెరిగి పెరిగి తర్వాత దిగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం డాక్టరుకు చూపించుకుని, గుండెకు ఏమీ లేదని తేల్చుకోండి.

రాత్రిళ్లు నిద్ర పట్టదు. పడితే కలలు.

చిన్న దీపం వెలిగించుకుని పడుకోవడంలో సిగ్గేమీ లేదు. నేను నాలుగేళ్లు అలాగే పడుకున్నాను. తలుపు ఒక్కసారి చూసి, గడి పెట్టాక ‘చూశాను’ అని పైకి అనండి. పదిసార్లు లేచి చూసే అలవాటు దాంతో కొంత తగ్గుతుంది. కల వచ్చి లేస్తే మంచంలోనే దొర్లకండి. లైటు వేసి, కాళ్లు నేల మీద పెట్టి, ఒక గ్లాసు నీళ్లు తాగి, పైన చెప్పినట్టు ఊరూ రోజూ చెప్పుకోండి. నిద్ర కోసం మందుకొట్టు నుంచి అడిగి తెచ్చుకున్న మాత్రలు వేసుకోవద్దు. అవి అలవాటవుతాయి, లోపలి భయాన్ని మాత్రం ముట్టవు.

ఇది ఉత్త భయమా, నిజంగానే ప్రమాదం ఉందా? ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. అన్నీ ‘నీ మనసులోనే’ అని చెప్పేవాళ్ల మాట వినకండి. మనిషి విడిపోయి వచ్చేసిన మొదటి రోజులే ఎక్కువ ప్రమాదం ఉండే రోజులు. చంపుతానని బెదిరించడం, మీరు పని చేసే చోటికి వెంట రావడం, పిల్లల బడి దగ్గర కాపు కాయడం, చేతిలో కత్తో యాసిడో ఉందని చెప్పడం, ఇవన్నీ నిజమైన ప్రమాదాలు. గతంలో ఒక్కసారైనా గొంతు పిసికిన మనిషైతే మరీ జాగ్రత్త. గొంతు పిసకడం ప్రాణం తీసేదాకా వెళ్లగల మనిషి గుర్తు. మెడ మీద మచ్చ లేకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు, కాబట్టి అలాంటిది జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అప్పుడు ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకండి. 112కు ఫోన్ చేయండి. పక్కింట్లో ఒకరికి సంగతి చెప్పి ఉంచండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొంచెం డబ్బు ఒక సంచిలో సర్ది నమ్మకమైన ఇంట్లో పెట్టండి.

ఎంత చెప్పుకున్నా ‘నేను సరిగ్గా ఉండుంటే ఇదంతా జరిగేది కాదు’ అనే అనిపిస్తోంది. ఎందుకు?

కొలతలకు వచ్చినవాళ్లు ఎక్కువసార్లు అడిగింది ఇదే. నేనూ ఎక్కువ కాలం మోసింది ఇదే.

నా తలలో ఒక లెక్కల పుస్తకం ఉండేది. కూరలో ఉప్పు తక్కువైన రోజు కొట్టాడు, సరే, ఉప్పు చూసుకోవాలి. ఫోను ఎంగేజ్ వచ్చిన రోజు కొట్టాడు, మా అన్నతో పగలు మాట్లాడకూడదు. నవ్వితే కొట్టాడు, నవ్వకూడదు. ఆ లెక్క ప్రకారం ఒక రోజు అన్నీ సరిగ్గా చేశాను. ఉప్పు సరిపోయింది, ఫోను పక్కనే ఉంది, పిల్ల నిద్రపోయింది, నేను తల వంచుకుని వడ్డించాను. ‘ఏందే ఈ దొంగ వినయం?’ అని కంచం విసిరాడు. సంగటి ముద్ద గోడకు కొట్టుకుని మెల్లగా కిందికి జారింది. ఆ రాత్రి గోడ తుడుస్తుంటే నాకు మొదటిసారి అనిపించింది, లెక్క తప్పిందని కాదు, అసలు ఇక్కడ లెక్కే లేదని.

మరి ఆ పుస్తకాన్ని ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నాను? తప్పు నాదైతే దిద్దుకోవడం నా చేతిలో ఉంటుంది. నేను మారితే దెబ్బలు ఆగుతాయి. తప్పు ఆయనదైతే నా చేతిలో ఏమీ లేదు, రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే. ఆ ఇంట్లో ఉంటూ ఆ మాటను భరించడం కష్టం. అందుకే మనసు తప్పును తన మీద వేసుకుని బదులుగా ఒక చిన్న ఆశను కొనుక్కుంటుంది. చిన్నపిల్లలు కూడా ఇదే చేస్తారు. కొట్టే నాన్న చెడ్డవాడని ఒప్పుకుంటే ఇక దిక్కెవరు? అందుకని ‘నేనే చెడ్డపిల్లను’ అనుకుంటారు. ఆ ఇంట్లో బతకడానికి పనికొచ్చిన ఆలోచన బయటికొచ్చాక కూడా వెంటే వస్తుంది.

రెండో సంగతి, ఈ మాట మనకు మనమే పుట్టించుకున్నది కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొగుడు పెళ్లాన్ని కొట్టడం ఏ సందర్భంలోనైనా సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం, ఇలా కొన్ని కారణాలు చదివి వినిపించారు. వాటిలో ఒక్కదానికైనా సబబే అన్న ఆడవాళ్లు మన ఆంధ్రప్రదేశ్‌లో 84 శాతం. ఆ అంకె మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. మా అత్త, మా మేనత్త, పక్కింటి పెద్దమ్మ, చివరికి నేనూ ఆ 84లోనే ఉన్నాం. ముల్లు వచ్చి ఆకు మీద పడినా ఆకు వచ్చి ముల్లు మీద పడినా చిరిగేది ఆకేనంటూ పెరిగాం. ఆ సామెత చెప్పేవాళ్లెవరూ ముల్లును అడగరు. అదే నాకు నచ్చదు.

1979లో రోనీ జానాఫ్-బుల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నింద రెండు రకాలని చెప్పింది. ‘నేను ఆ దారిన పోకుండా ఉండాల్సింది’ అనుకోవడం ఒకటి, అది చేసిన పని మీద నింద. ‘నేనే అలాంటిదాన్ని, నాకు ఇలాగే కావాలి’ అనుకోవడం రెండోది, అది మనిషి మీదే నింద. రెండోది కుంగదీస్తుంది. మీ లోపల ఏది తిరుగుతోందో ఒకసారి వినండి. ఆ మాటల్లో చాలావరకు అతని గొంతే వినిపిస్తుంది, అతని తిట్లే, అతని పదాలే. నేను ఒక కాగితం మీద నా తిట్లన్నీ రాసి, పక్కన ఈ మాట మొదట ఎవరు అన్నారు అని రాశాను. ఒక్కటీ నాది కాదు.

ఇంకో ప్రశ్న వేసుకోండి. అతనికి పనిచోట పైఅధికారి మీద కోపం రాలేదా? అప్పులవాడి మీద రాలేదా? వచ్చింది. అక్కడ చేయి లేవలేదు కదా. అంటే కోపాన్ని ఆపుకోవడం అతనికి వచ్చు. ఎవరి మీద ఆపుకోనక్కర్లేదో కూడా తెలుసు. మీ ఉప్పుకూ మీ నవ్వుకూ అందులో పాత్ర లేదు.

నిజంగానే మీరు చేసిన పొరపాటు ఏదైనా ఉండొచ్చు. మాట తూలి ఉండొచ్చు, అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ పొరపాటు మీదే, ఒప్పుకోండి. దానికి దెబ్బ జవాబు కాదు. ఆ రెండింటినీ ఒకే మూటలో కట్టకండి.

నేను అరవలేదు. ఎదురు తిరగలేదు. కదలకుండా ఉండిపోయాను. అంటే ఒప్పుకున్నట్టేనా?

కాదు. అపాయం వచ్చినప్పుడు ఒళ్లు మూడు దారులు చూస్తుంది. తిరగబడటం, పారిపోవడం, బిగుసుకుపోవడం. మొదటి రెండూ కుదరవని మెదడు తేల్చుకుంటే మూడోది దానంతటదే జరుగుతుంది. నోరు పెగలదు, కాళ్లు రావు, కొందరికి పైనుంచి తమను తామే చూస్తున్నట్టు ఉంటుంది. లైంగిక దాడి జరిగినవాళ్లలో ఇది ఎంతోమందికి జరుగుతుంది. మీరు ఎంచుకున్నది కాదు అది. కొందరు ఇంకా బాధపడే సంగతి ఒకటుంది, ఆ సమయంలో ఒళ్లు స్పందించిందని. చక్కిలిగింత పెడితే ఇష్టం లేకపోయినా నవ్వొస్తుంది. ఒళ్లు స్పందించడం వేరు, మనసు ఒప్పుకోవడం వేరు.

‘అంత కష్టమైతే అన్నేళ్లు ఎందుకున్నావు?’ అంటారు. నా దగ్గర జవాబు లేదు.

మీరు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. నేను రెండుసార్లు వచ్చేసి, రెండుసార్లూ తిరిగి వెళ్లాను. మొదటిసారి పెద్దమనుషులు పంచాయితీ చేసి పంపారు. రెండోసారి ఆయనే వచ్చి మా నాయన కాళ్లు పట్టుకున్నాడు. చెల్లెలి పెళ్లి కావాల్సి ఉంది. చేతిలో వంద రూపాయలు లేవు. దెబ్బల తర్వాత నాలుగు రోజులు ఎంతో ప్రేమగా ఉండేవాడు, మల్లెపూలు తెచ్చేవాడు, ఆ నాలుగు రోజుల మనిషే అసలు మనిషని నమ్మాను. ఆ ముడి అంత తేలిగ్గా ఊడదు. దేశంలో హింసకు గురైన ఆడవాళ్లలో సాయం అడిగినవాళ్లు 14 శాతమేనని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. మిగతావాళ్లంతా తెలివితక్కువవాళ్లు కారు కదా.

ఇంత జరిగినా ఒక్కోసారి అతను గుర్తొచ్చి బెంగగా ఉంటుంది. నాకేమైనా పిచ్చా?

పిచ్చి కాదు. బెంగ దెబ్బల మీద కాదు, ఆ నాలుగు రోజుల మనిషి మీద. ఏడవండి. ఫోను మాత్రం చేయకండి. చేయాలనిపించినప్పుడు ముందు ఒక్కరికి, ‘ఇప్పుడు చేయాలనిపిస్తోంది’ అని మెసేజ్ పెట్టే ఒప్పందం చేసుకోండి. నాకు మా వదిన ఉండేది. రాత్రి పన్నెండుకైనా ‘చేయొద్దు, పొద్దున మాట్లాడదాం’ అని జవాబొచ్చేది.

చిన్నప్పుడు ఇంట్లో మనిషే చేశాడు. ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం?

ఈ మాట నాతో చెప్పినవాళ్లలో చాలామంది ముందు ‘నాకు గుర్తుంది కానీ నిజమేనా అని అనుమానం’ అంటారు. ముక్కలు ముక్కలుగా గుర్తుండటం, ఒక వాసనో ఒక దుప్పటి రంగో మాత్రమే గుర్తుండటం ఇలాంటి జ్ఞాపకాల్లో మామూలే. ఆ వయసులో మీరు ఎవరికీ చెప్పకపోవడం కూడా తప్పు కాదు. పిల్లకు మాటలు ఎక్కడివి? చెబితే నమ్మే పెద్దలు ఎక్కడున్నారు? మీకు తెలిసిన ఎనిమిదేళ్ల పాపను ఒకరిని కళ్ల ముందుకు తెచ్చుకోండి. ఆమె చేతుల సైజు చూడండి. అదే ఆమెకు జరిగితే ఆమెను తప్పుపడతారా? మీకు అప్పుడు ఉన్నవీ ఆ చేతులే.

ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది మీ ఇష్టం. అమ్మకే ముందు చెప్పాలని లేదు. అమ్మ ‘ఇప్పుడెందుకు తవ్వుతావు’ అంటే ఆ దెబ్బ పాతదానికంటే లోతుగా తగులుతుంది. మొదట నమ్మే మనిషికి చెప్పండి, లేదా కౌన్సెలర్‌కు. ఆ మనిషి ఇప్పటికీ పిల్లలు ఉన్న ఇళ్లలో తిరుగుతుంటే మాత్రం ఊరుకోవద్దని గట్టిగా చెబుతాను. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లలకు సాయం కోసం 1098 ఫోను నంబరు ఉంది.

నేను మగవాణ్ణి. ఇదంతా నాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. ఒళ్లు భయపడే తీరులో ఆడామగా తేడా లేదు. ‘మగాడివి, ఏడుస్తావేం’ అనే మాట మీ మీద అదనపు బరువు. పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది. మనసు బాధలు చెప్పుకునే 14416 ఫోను నంబరు అందరికీ ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒకతను గంటసేపు కిటికీ వైపు చూస్తూనే మాట్లాడాడు. అలా అయినా సరే, మాట్లాడండి.

మా ఇంట్లో ‘గాలి సోకింది’ అంటున్నారు. తాయెత్తు కట్టించారు.

మన వైపు ఇది ఎక్కువే. కళ్లు తేలేసి ఒకేచోట చూస్తూ కూర్చుంటే, ఉన్నట్టుండి కేకలు వేస్తే, పళ్లు బిగిస్తే ముందు గుర్తొచ్చేది గాలి, దయ్యం. దర్గాకో గుడికో తీసుకెళ్తారు. నేను ఆ నమ్మకాన్ని తక్కువ చేయను. దర్గా ముంగిట్లో కూర్చున్నప్పుడు నాకూ ఊపిరి ఆడింది. దండం పెట్టుకోండి, దువా చేయండి, దిష్టి తీయించుకోండి. దాంతో పాటు డాక్టరు దగ్గరికీ వెళ్లండి. కొట్టి దయ్యం వదిలిస్తామనేవాళ్ల దగ్గరికి, ఒంటరిగా గదిలో పూజ చేయాలనేవాళ్ల దగ్గరికి మాత్రం ఎవరు బలవంతపెట్టినా వెళ్లకండి. దెబ్బలతో వచ్చిన జబ్బు దెబ్బలతో పోదు.

మానసిక డాక్టరు దగ్గరికి వెళ్తే పిచ్చిదని ముద్ర వేస్తారేమో. మందులు జీవితాంతం మింగాలా?

కర్నూలు పెద్దాసుపత్రిలో, అనంతపురం సర్వజనాసుపత్రిలో, కడప రిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాయించుకుని వెళ్లొచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక కాలేజీ అమ్మాయి, వెనక ఒక బస్సు డ్రైవరు ఉన్నారు. పిచ్చివాళ్లు ఎక్కడా కనబడలేదు, నిద్ర లేని ముఖాలు కనబడ్డాయి.

పీటీఎస్‌డీకి మాటల చికిత్స ముఖ్యం. జరిగినదాన్ని సురక్షితమైన చోట, మీ వేగంతో, కొంచెం కొంచెంగా మాట్లాడిస్తారు. నింద గురించిన ఆలోచనలను ఒక్కొక్కటే బయటికి తీసి చూపిస్తారు. కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉంది. మందుల్లో సెర్ట్రాలిన్ లాంటివి ఇస్తారు. అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, రెండు రోజులు వేసుకుని ‘ఏం లాభం లేదు’ అని మానేయకండి. తగ్గాక కూడా మీ అంతట మీరే ఆపకండి, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. నేను ఏడాదిన్నర వాడాను. ఇప్పుడు వాడటం లేదు.

మొదటి కౌన్సెలర్‌తో మనసు కలవకపోతే ఇంకొకరిని చూడండి. నాకు మొదట దొరికినాయన ‘సర్దుకుపోవాలమ్మా’ అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చి, ఇంకో ఆరు నెలలు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఆ ఆరు నెలలు వృథా. మీరలా చేయకండి.

పిల్లలు చూశారు. వాళ్లకేం చెప్పాలి?

వాళ్లు చూడలేదని మనం అనుకుంటాం కానీ గోడ అవతలి నుంచి అంతా వింటారు. పక్క తడపడం, బడికి పోనని మొండికేయడం, బొమ్మను కొట్టడం వాళ్ల మాటలు. మూడు సంగతులు చెప్పండి చాలు. నాన్న కొట్టడం తప్పు. నీ వల్ల జరగలేదు. ఇప్పుడు మనం ఇక్కడ క్షేమం. నా కూతురు ఏడో ఏట అడిగింది, ‘నేను పాలు ఒలకబోసినందుకే కదా ఆ రోజు కొట్టాడు?’ అని. ఏడాది పాటు ఆ పాలు మోసింది నా బిడ్డ. నా లెక్కల పుస్తకం దానికీ అంటుకుంది. ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను, పాలు ఒలికితే గుడ్డ తెచ్చి తుడుస్తారు, అంతేనని.

పెళ్లిళ్లలో అతను ఎదురవుతాడు. క్షమించేయమని కూడా అంటున్నారు.

వెళ్లకపోవడం మీ హక్కు. వెళ్లాలనుకుంటే తోడు ఒకరిని పెట్టుకోండి, ‘పోదాం’ అనడానికి ఒక గుర్తు పెట్టుకోండి, మీ బండి మీదే వెళ్లండి. క్షమించడం తప్పనిసరి కాదు. నేను క్షమించలేదు. బాగానే ఉన్నాను.

కేసు పెట్టాలా? పెట్టకపోతే నేను పిరికిదాన్నా?

పెట్టడం, పెట్టకపోవడం మీ నిర్ణయం. ఏమేం ఉన్నాయో తెలుసుకుని నిర్ణయించుకోండి. 2005 గృహ హింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమొక్కటే కాదు, లైంగిక హింస, తిట్లు, అవమానాలు, డబ్బు అందకుండా చేయడం కూడా దాని కింద హింసే. రక్షణ ఉత్తర్వు, ఉండటానికి చోటు, ఖర్చులకు డబ్బు, పిల్లల కస్టడీ కోర్టును అడగొచ్చు. రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొగుడూ అత్తింటివాళ్లూ పెట్టే హింస మీద ఉన్న పాత 498ఏ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా ఉంది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, మా పరిధి కాదని పంపేయకూడదు.

అత్యాచారం జరిగితే ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా ఉచితంగా వైద్యం చేయాలి. జననాంగంలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. మీ పేరు బయటపెట్టడం నేరం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. అక్కడ వైద్యం, పోలీసు సాయం, లాయరు, కౌన్సెలింగ్, ఐదు రోజుల వరకు తలదాచుకునే చోటు ఒకే దగ్గర దొరుకుతాయి. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కు చేస్తే దారి చూపిస్తారు.

మా చెల్లెలికి ఇలా జరిగింది. నేనేం చేయాలి?

‘ఎందుకు’ అనే మాట మీ నోట్లోంచి తీసేయండి. ఎందుకు వెళ్లావు, ఎందుకు చెప్పలేదు, ఎందుకు ఊరుకున్నావు, ఏదీ వద్దు. ‘నీ మాట నమ్ముతున్నా. నీ తప్పేం లేదు. ఇప్పుడేం కావాలి?’ అనండి. చెప్పినదాన్ని ఆమె అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకండి. ఆమె తిరిగి వెళ్లినా కోపగించుకుని మాట్లాడటం మానేయకండి. మూడోసారి నేను వచ్చేసినప్పుడు మా వదిన ఒక్క మాట అడగలేదు. బిందెలో నీళ్లు తోడి, ‘ముందు ఒళ్లు కడుక్కో, వేడివేడిగా ఉగ్గాని చేస్తున్నా’ అంది.

చచ్చిపోవాలనిపిస్తోంది. ఎవరికి, ఏమని చెప్పను?

ఇప్పుడే అనిపిస్తుంటే ఒంటరిగా ఉండకండి. పురుగుల మందు, మాత్రలు, తాడు ఉన్న చోటి నుంచి లేచి మనుషులున్న చోటికి రండి. పక్కింటి తలుపైనా సరే తట్టండి. అప్పటికే ఏమైనా చేసుకుని ఉంటే వెంటనే 108కి, లేదా 112కు చేయండి.

14416 టెలి మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఏమని మొదలుపెట్టాలో తెలియకపోతే, ఆ నంబరుకు ఫోన్ చేయడానికి ఒకమ్మాయికి నేను రాసిచ్చిన మాటలే చదవండి: ‘నాకు ఇంట్లో హింస జరిగింది. రాత్రిళ్లు భయంగా ఉంటోంది. నాకు చచ్చిపోవాలనిపిస్తోంది. కొంచెం మెల్లగా మాట్లాడండి.’ ఆ అమ్మాయి మొదటి వాక్యం చదివి ఏడ్చేసింది. అవతలివాళ్లు ఫోను పెట్టేయలేదు. ఏడుపు ఆగేదాకా ఆగి, ‘భోంచేశావామ్మా?’ అని అడిగారట.